నలభై ఒక్క మిల్లీమీటర్ల వాన

ఆ సోమవారం తెల్లవారేసరికి తాలా వాగు చుట్టుపక్కల కురిసింది ఆరు మిల్లీమీటర్లు. బడి వాన పేజీలో మాత్రం నలభై ఒకటి అని పడింది. ఆ అంకె పెట్టింది జుల్మారా.

జుల్మారాకి తొమ్మిదేళ్లు. మా బడిలో మొత్తం ఉన్నదే తొమ్మిది మంది పిల్లలు, ఒక టీచరు. కొందరు నడిచి వస్తారు, కొందరు గుర్రాల మీద వస్తారు. అందరికీ ఒకటే వేషం: తెల్లకోటు, మెడ కింద నీలం రిబ్బను ముడి, వీపున ప్రభుత్వం ఇచ్చిన చిన్న లాప్‌టాప్. వానాకాలంలో కోటు తడిసినా ఫర్వాలేదు గానీ ఆ సంచి మీద మాత్రం చుక్క పడనివ్వరు. ఒకసారి ఆరేళ్ల పిల్లవాడొకడు తన రెయిన్‌కోటు విప్పి లాప్‌టాప్‌కి తొడిగి, తను ముద్దగా తడిసి వచ్చాడు. నెల్బా టీచర్ వాణ్ని పొయ్యి పక్కన కూర్చోబెట్టి తిట్టాలో మెచ్చుకోవాలో తెలియక రెండూ చేసింది.

వాన పేజీ ఆవిడ ఆలోచనే. రోజూ ఉదయం ఎనిమిదింటికి పిల్లలు వాన కొలిచే గొట్టం చూడాలి, ఫోటో తీసి బడి రికార్డులో దాచాలి, అంకెని మాత్రం ఇంటర్నెట్‌లో అందరూ చూసే పేజీలో పెట్టాలి. మొదట్లో అది పాఠమే. మూడేళ్లలో ఊరికి అలవాటైపోయింది. ముప్పై దాటితే వాగు దాటనివ్వదు. అందుకని పాల లారీ నడిపే వాల్మీర్ ఎనిమిదీ ఐదుకి పట్నంలో ఫోన్ చూసుకుని గాని ఇంజను వేయడు.

పేజీకి ఏడాదికొక బాధ్యులు. పిల్లలే ఓట్లు వేసుకుంటారు. ఈ ఏడాది ఆరు ఓట్లతో జుల్మారా గెలిచింది. ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్తూ దారిలో ప్రతి గేటు దగ్గరా ఆగి చెప్పిందట. మా గేటు బడికి ఎదురుగానే ఉంది కాబట్టి మొదట విన్నది నేనే.

నేను ముప్పై ఆరేళ్లు సర్వేయరుగా పనిచేశాను. నా భార్య ఇర్మా ఇదే బడిలో టీచరు. ఆమె పోయి ఆరేళ్లయింది. అప్పటినుంచి చలికాలంలో తరగతి పొయ్యి వెలిగించే పని నాది. ఇంకెవరూ అడగలేదు, నేనూ మానలేదు. పొద్దున్నే చేయడానికి ఒక పని ఉండటం ఎంత మేలో ఒంటరిగా ఉన్నవాళ్లకి తెలుస్తుంది.

తరగతి గోడ మీద ఒక అట్ట ఉంటుంది. పిల్లలు రంగు పెన్సిళ్లతో రాసుకున్న రూళ్లు అవి. ఒకటి, ఇద్దరు చూడకుండా ఏదీ పెట్టకూడదు. రెండు, ఫోటోలో మనిషి ఉంటే ఆ మనిషిని అడగాలి. మూడు, తప్పు పెడితే చెరపకూడదు. చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, కింద పేరు పెట్టాలి.

ఆ మూడోది నా దగ్గర నుంచి వెళ్లింది. ఒక రోజు నా పాత ఫీల్డు బుక్కులు చూపిస్తే, మైకోల్ అనే పదేళ్లవాడు, "ఇన్ని కొట్టివేతలా? మీకు రబ్బరు కొనడానికి డబ్బుల్లేవా?" అన్నాడు. ఫీల్డు బుక్కుకి రబ్బరు తాకించకూడదని చెప్పాను. చెరిపిన చోట ఏం దాచారో అని పొలం కొన్నవాడి మనవడు కూడా అనుమానపడతాడు. గీత కొట్టి సంతకం పెడితే, తప్పు చేసినవాడు ఒప్పుకున్నాడని తెలుస్తుంది. వాళ్లకి అది ఎంత నచ్చిందంటే, మర్నాడే మైకోల్ లాప్‌టాప్‌లో అంకె మీద గీత ఎలా కొట్టాలో కనిపెట్టాడు.

ఆ సోమవారానికి ముందు శుక్రవారం మేమంతా కలిసి వాన గొట్టాన్ని కొత్త చోటికి మార్చాం. పాతచోట పక్కనున్న యూకలిప్టస్ ఆకుల నుంచి వాన వెలిశాక కూడా చుక్కలు పడుతున్నాయని జుల్మారాయే గమనించింది. బడి గేటు పక్కన మూల గుంజకి బిగించాం. మరలు తిప్పింది నేనే.

సోమవారం దట్టమైన మంచు, సన్నటి తుంపర. నేను ఎప్పటిలా పొయ్యి రాజేస్తుంటే తలుపు సందులోంచి జుల్మారా గొంతు వినపడింది.

"నలభై ఒకటి! మైకోల్ ఇంకా రాలేదా? ఎనిమిదీ నాలుగయింది!"

మైకోల్ గుర్రం కట్టు తెంచుకుపోయి వాడు అప్పటికి గొర్రెల దొడ్లో దాని వెంట పరిగెడుతున్నాడు. ఎనిమిదీ ఐదుకి పేజీలో అంకె పడింది.

దాంతో వాల్మీర్ రాలేదు. పాలు క్యాన్లలోనే ఉండిపోయాయి. అన్నిటికంటే పెద్ద సంగతి, నెలకోసారి వచ్చే పళ్ల డాక్టరు వ్యాను పట్నం శివార్ల నుంచే వెనక్కి తిరిగిపోయింది. ఊళ్లో ముసలావిడ దోన్యా బాసిలీసా ఆ డాక్టరు కోసం తొమ్మిదింటికే వచ్చి, దవడ చుట్టూ శాలువా బిగించుకుని, మొదటి తరగతి పిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చుంది. పన్నెండింటికి కూడా అక్కడే ఉంది.

సరిగ్గా అప్పుడే ఒరోస్మాన్ గుర్రం దిగాడు. వాగుకి అటువైపు పెద్ద గొర్రెల మంద అతనిది. నలభై ఏళ్లుగా తన ఇంటి వాన తనే రాసుకుంటాడు.

"టీచర్, నా గొట్టంలో ఆరు. మా అల్లుడి గొట్టంలో ఆరు. వాగులో నా గుర్రానికి మోకాలు కూడా తడవలేదు. మీ బడి మీదకి మాత్రం మేఘం విడిగా దిగొచ్చిందా?"

నెల్బా టీచర్ ఏదో అనబోయింది. అతను ఆగలేదు.

"పిల్లలకి బొమ్మలివ్వండి, వద్దన్లేదు. వాన పెద్దవాళ్ల పని. శుక్రవారం బడి కమిటీలో నేను అడుగుతాను, ఆ పేజీ మాకిచ్చెయ్యండి."

"నువ్వేం పెద్దవాడివిలే," శాలువాలోంచి దోన్యా బాసిలీసా మూలిగింది. "గట్టిగా అరవకు, పంటికి తగుల్తోంది."

జుల్మారా బల్ల దగ్గర నిలబడి ఉంది. ఏడవలేదు. నీలం రిబ్బను చివర మాత్రం వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. ఒరోస్మాన్ వెళ్లాక మైకోల్ ఆమె చెవి దగ్గరకి వంగాడు. తరగతి చిన్నది, అందరికీ వినపడింది.

"చెరిపేసెయ్. ఆరు అని పెట్టు. ఎవడు చూడొచ్చాడు?"

"ఊరంతా చూసింది కదరా, గుర్రం వెనక పరిగెత్తే మొహమా!"

"అయితే గీత కొట్టు."

"నేను చూసింది నలభై ఒకటేరా. కళ్లారా చూశాను. ఎందుకు తప్పయిందో తెలీకుండా గీతెలా కొట్టను?"

టీచర్ ఆ పిల్ల వైపు తిరిగింది. "అయితే కనుక్కో," అంది. "శుక్రవారం దాకా టైముంది."

ఆ సాయంత్రం మళ్లీ తుంపర మొదలైంది. తుంపర పడితే మా ఇళ్లలో పిండి పిసికి నూనెలో వేయించాల్సిందే. నేను నాలుగో రొట్టె నూనెలో వేస్తుండగా తలుపు చప్పుడైంది. జుల్మారా. కోటు లోపల లాప్‌టాప్ హత్తుకుని ఉంది.

"రా, రా. వేడిగా ఉన్నాయి, తిను."

"తర్వాత తింటాను, దోన్ ఎలిసెయో." కుర్చీ అంచున కూర్చుంది. "మిమ్మల్నొకటి అడగాలి. మీరు మాతేలో నిమ్మవాసన ఆకు వేసుకుంటారు కదా?" మాతే అంటే మా ప్రాంతంలో అందరూ తాగేది, ఎండు సొరకాయ బుర్రలో ఆకు పొడి మీద వేడినీళ్లు పోసుకుని.

"అవును. ఆ మొక్క ఇర్మా నాటింది."

"ఊళ్లో ఇంకెవరైనా వేసుకుంటారా?"

ఆలోచించాను. "ఒరోస్మాన్‌కి ఆ వాసన గిట్టదు, బాలింతల కషాయం అంటాడు. టీచరు పంచదార వేసుకుంటుంది. లేదు, నేనొక్కణ్నే. ఎందుకు?"

ఆమె లాప్‌టాప్ తెరిచి పొద్దున తీసిన ఫోటో చూపించింది. మూల గుంజ, గొట్టం, నలభై ఒకటో గీత దగ్గర నీళ్లు. రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. నీళ్ల మీద నాలుగు సన్నటి పుల్లలు తేలుతున్నాయి. మాతే పొడిలో వచ్చే పుల్లలు. వాటి పక్కన గొట్టం గోడకి అంటుకుని సన్నగా, పొడుగ్గా ఒక ఆకు ముక్క.

తర్వాత ఫోటోని పక్కకి జరిపింది. అంచున, మంచులో, తరగతి తలుపు తోస్తూ ఒక టోపీ, ఒక వంగిన వీపు, చంకలో ఫ్లాస్కు.

నాకు అప్పుడు అర్థమైంది. నెల్బా టీచర్ తరగతిలోకి మాతే తేనివ్వదు. అందుకని ఆరేళ్లుగా నేను రోజూ పొద్దున గేటు దగ్గర ఆఖరి గుక్క తాగి, మాతే బుర్రని ఫ్లాస్కులో మిగిలిన నీళ్లతో కడిగి, ఆ మూల గుంజ మీదుగా కంచె అవతలికి ఒంపేసి లోపలికి వెళ్తాను. చెయ్యి దానంతటదే చేసే పని. శుక్రవారం ఆ గుంజకే నా చేత్తోనే గొట్టం బిగించాను. సోమవారం మంచులో, పొయ్యి గురించి ఆలోచించుకుంటూ, దాంట్లోకే ఒంపాను.

"నూనె మాడుతోంది," అంది జుల్మారా.

లేచి పొయ్యి తగ్గించాను. కాస్త సేపు వీపు తిప్పి అక్కడే నిలబడ్డాను. ముప్పై ఆరేళ్లు అరచేయంత నేల తేడా రాకుండా కొలిచినవాణ్ని. ఈ వయసులో చెవులు ఎర్రబడతాయని అనుకోలేదు.

"ఇది పేజీలో పెడితే," వెనక నుంచి ఆమె నెమ్మదిగా అంది, "నేను తప్పు చదవలేదని అందరికీ తెలుస్తుంది. కానీ ఇందులో మీరున్నారు. అందుకని అడగడానికొచ్చాను."

"వద్దంటే?"

"పెట్టను."

"మరి పేజీ?"

ఆమె తన బురద బూట్ల వంక చూసుకుంది. "శుక్రవారం ఒరోస్మాన్ తీసేసుకుంటాడు."

బడి నుంచి మా ఇంటికి రోడ్డు దాటితే ఇరవై అడుగులు. ఆ ఫోటో పెట్టడానికి ఆ పిల్లకి ఒక్క మీట నొక్కితే చాలు. తన పరువంతా అందులోనే ఉంది. అయినా తుంపరలో ఆ ఇరవై అడుగులూ నడిచి వచ్చి, నా కుర్చీ అంచున కూర్చుని, వద్దంటే పెట్టనని చెబుతోంది. ఇర్మా ఉంటే ఏం చేసేదో నాకు తెలుసు. ముందు ఆ పిల్ల తడి బూట్లు విప్పించేది. నేనూ అదే చేశాను. బూట్లు పొయ్యి దగ్గర పెట్టాను.

"పెట్టమ్మా," అన్నాను. "కానీ ఫోటో ఒక్కటే చాలదు. కింద నేను రాస్తాను."

"మిమ్మల్ని చూసి నవ్వుతారు."

"నవ్వనీ. ఈ ఊళ్లో నవ్వడానికి కొత్త సంగతి దొరికి చాలా రోజులైంది."

ఆమె మొహం ఇంకా తేలికపడలేదు. "ముందు నాది రాయాలి. నేనొక్కదాన్నే చూశాను. మైకోల్ ఉండుంటే ఆ ఆకు చూసేవాడు. వాడిది గద్ద చూపు. ఐదు నిమిషాలు ఆగకుండా పెట్టేశాను." అప్పుడు ఏదో గుర్తొచ్చి ఆగింది. "ఆరు అని రాయాలంటే ఆ ఆరు నాది కాదు. ఒరోస్మాన్‌ది. ఆయన్ని కూడా అడగాలి!"

నా ఫోన్‌తోనే చేసింది. అతని గొంతు గది అంతా వినపడింది.

"ఎవరూ? బడి పిల్లా? ఏం కావాలి?"

"మీ ఆరు మిల్లీమీటర్లు మా పేజీలో రాసుకోవచ్చా అండీ? మా గొట్టంలో కొలత ఈ రోజు పాడైంది. మీ పేరు కూడా పెట్టాలి. మీరు ఒప్పుకుంటేనే."

అవతల ఒక గొర్రె అరిచింది.

"పెట్టుకో," అన్నాడు. ఫోన్ పెట్టేయబోయి మళ్లీ, "ఇంటిపేరుతో సహా పెట్టు. ఈ చుట్టుపక్కల ఇద్దరు ఒరోస్మాన్‌లున్నారు," అన్నాడు.

ఆ రాత్రి భోజనాల వేళకి పేజీలో ఇలా ఉంది. నలభై ఒకటి మీద ఒక్క గీత, చక్కగా చదవడానికి వీలుగా. పక్కన ఆరు. "ఈ అంకె ఒరోస్మాన్ సిల్వేరా గారి గొట్టంలోది, ఆయన్ని అడిగి రాశాను. సోమవారం ఇద్దరు చూడకుండా పెట్టాను. పాల లారీకీ, పళ్ల డాక్టరుకీ, దోన్యా బాసిలీసాకీ క్షమాపణ. జుల్మారా తెచేరా." దాని కింద ఫోటో. ఫోటో కింద నేను, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది: "వాన గొట్టంలో మాతే బుర్ర కడిగింది నేను. పిల్ల ఉన్నది ఉన్నట్టే చదివింది. ఎలిసెయో బిదెగాయిన్, సర్వేయరు."

మైకోల్ వాళ్లింట్లోంచి చదివి సరిచూశాక గాని జుల్మారా దాన్ని పెట్టనివ్వలేదు. నా వాక్యంలో రెండు తప్పులు పట్టాడు వాడు.

నవ్వారు. మంగళవారం వాల్మీర్ లారీ ఆపి, "దోన్ ఎలిసెయో, మీ ఇంటి మీద ఈ రోజు ఎన్ని బుర్రల వాన?" అని అరిచి మరీ వెళ్లాడు. బుధవారం బడి గేటుకి ఎవరో ఒక రేకు బేసిను వేలాడదీశారు. 'మాతే ఇక్కడ' అని దాని మీద సుద్దముక్కతో రాసి ఉంది. అక్షరాలు చూస్తే టీచర్‌వే. గురువారం డాక్టరు వచ్చి దోన్యా బాసిలీసా పన్ను తీశాడు.

శుక్రవారం కమిటీకి ఎప్పుడూ ఐదారుగురు వస్తారు. ఆ రోజు కూర్చోవడానికి చోటు లేదు. పెద్దవాళ్లు పిల్లల బెంచీల్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. పిల్లలు గోడ పొడుగునా నిలబడ్డారు. జుల్మారా అట్ట కింద నిలబడి ఉంది, కోటు ఇస్త్రీ చేసి ఉంది, లాప్‌టాప్ రెండు చేతుల్తో ఛాతీకి ఆనించుకుని ఉంది. తీసుకుంటామంటే అప్పగించడానికి సిద్ధంగా తెచ్చినట్టుంది.

ఒరోస్మాన్ లేచాడు. చంకలో ఒక పాత నోటు పుస్తకం ఉంది, నలభై ఏళ్ల వానలు రాసుకున్నది. బల్ల మీద పెట్టి తెరిచాడు.

"ఇందులో చూడండి," అన్నాడు. "ఒక్క కొట్టివేత లేదు."

జుల్మారా రిబ్బను చివర వేలికి చుట్టుకుంది.

"అంటే తప్పులు పడలేదని కాదు." గొంతు సవరించుకున్నాడు. "ఒక ఏడాది కుక్క గొట్టం తన్నేసింది. అందాజుగా ఒక అంకె రాశాను. ఇంకో ఏడాది వారం రోజులు చూడ్డం మరిచిపోయాను. అన్నీ నా బుర్రలోంచి రాశాను. అవి ఏవో ఇప్పుడు నాకే తెలీదు. ఎవరైనా అడిగితే ఈ పుస్తకంలో ఏది నిజమో చెప్పలేను." పుస్తకం మూశాడు. "ఆ పిల్ల పేజీలో మాత్రం చెప్పగలను. పేజీ వాళ్ల దగ్గరే ఉండనీండి."

దోన్యా బాసిలీసా బుగ్గ ఇంకా వాచే ఉంది. నోరు సగమే తెరుచుకుంటోంది. "నా పన్ను మూడు రోజులు ఎక్కువ నొప్పి పెట్టింది," అంది. "క్షమాపణ అడిగింది ఆ పిల్ల ఒక్కతే. నా పెళ్లయి యాభై ఏళ్లయింది, ఇంట్లో ఒక్కసారి కూడా ఆ మాట వినలేదు. చేతులెత్తండి, ఎత్తకపోతే నేనే ఎత్తిస్తాను."

అన్ని చేతులూ లేచాయి. పిల్లలకి ఓటు లేదు, అయినా తొమ్మిది చేతులూ లేచాయి. జుల్మారా చెయ్యి ఎత్తడానికి లాప్‌టాప్ మైకోల్‌కి ఇవ్వాల్సి వచ్చింది. వాడు దాన్ని పసిపాపని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

నెల్బా టీచర్ కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంది. ఆమె వెనక గోడ మీద పాత టీచర్ల ఫోటోలున్నాయి. ఇర్మాది చివరి నుంచి రెండోది. నేను ఆ వైపు ఎక్కువసేపు చూడలేదు. చూడాల్సింది గోడ కింద నిలబడ్డ ఆ పిల్లని. ఊరి పెద్దవాళ్లంతా నాలుగు రోజులు తన గురించే మాట్లాడుకున్నా, ఆమె ఇప్పుడు చేస్తున్న పని ఒరోస్మాన్ నోటు పుస్తకం దగ్గరకి వెళ్లి, "దీన్ని ఫోటో తీసుకోవచ్చా అండీ?" అని అడగడం.

"ఎందుకు?"

"నలభై ఏళ్లు కదా. లాప్‌టాప్‌లో దాచుకుంటాం. మీకు అనుమానమున్న చోట మీరే గీత కొట్టండి, పక్కన 'అందాజు' అని రాయండి. సంతకం పెట్టండి."

అందరూ ఒరోస్మాన్ వంక చూశారు. అతను జేబులు తడుముకున్నాడు. ఎవరో పెన్ను ఇచ్చారు. కుక్క గొట్టం తన్నిన ఏడాది దొరకడానికి చాలాసేపు పట్టింది. దొరికాక అంకె మీద ఒక్క గీత కొట్టి, పిల్లలందరూ చుట్టూ మూగి చూస్తుండగా, ఇంటిపేరుతో సహా సంతకం పెట్టాడు.

తర్వాతి వాన పదకొండు రోజులకి పడింది. ఎనిమిదింటికి గేటు దగ్గర ఇద్దరూ ఉన్నారు, మైకోల్ గుర్రం రెండు ముళ్లతో కట్టి ఉంది. నేను ఆఖరి గుక్క తాగుతున్నాను.

"దోన్ ఎలిసెయో," అంది జుల్మారా, గొట్టం మీంచి కళ్లు తిప్పకుండా. "బుర్ర చూపించండి."

బేసిను మీదుగా తలకిందులుగా పట్టుకుని చూపించాను. అప్పుడు గాని వంగి చూడలేదు.

"ఇరవై మూడు," అంది.

"ఇరవై మూడు," అన్నాడు మైకోల్.